అన్నలు లేని పిల్ల పెండ్లి

మొన్న మా మనుమరాలు పట్నంలో ఏదో ప్రదర్శనకు పోయి ఒక తేనెసీసా కొనుక్కొచ్చింది. సీసాకు అంటించిన కాగితం మీద ఒక చెంచు మనిషి తాడుకు వేలాడుతూ కొండచరియకున్న తేనెపట్టును కోస్తున్నాడు. ఆ తాడు పైకి పోయి పోయి కాగితం అంచు దగ్గర ఆగిపోయింది. పైన దాన్ని ఎవరు పట్టుకున్నారో బొమ్మ గీసినవాడు గీయలేదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే చక్కెరపాకం వాసన తప్ప మరేమీ రాలేదు. నాకు తెలిసిన తేనెకు పొగ వాసన ఉండేది, పచ్చివెదురు వాసన ఉండేది, అడుగున నాలుగు ఈగరెక్కలు తేలుతుండేవి, దాన్ని మోసుకొచ్చిన మనిషి కొంగు వాసన కూడా కొంచెం కలిసి ఉండేది. మనుమరాలు దోసె మీద పోసుకొని తిని బడికి పోయింది. నేను మాత్రం ఆ కాగితం అంచు దగ్గరే చాలాసేపు ఉండిపోయాను. ఎందుకంటే మా చిన్నతనంలో ఒక ఎండకాలమంతా అమ్రాబాద్ గుట్టల మీద పెద్దలూ పిల్లలూ కొట్లాడుకున్నది ఆ ఒక్క సంగతి గురించే: తాడు ఎవరు పట్టాలి.

మాది నేతపని ఇల్లు. అమ్రాబాద్‌కు నడిచిపోయేంత దూరంలో, చేన్లు అయిపోయి అడవి మొదలయ్యే చోట మా ఊరు. నైజాం రాజ్యం పోయి కొన్నేళ్లే అయిందని పెద్దలు చెప్పుకునేవారు గాని మా ఇంట్లో రాజ్యం మగ్గానిదే. బాపు గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకొని పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా ఆ చప్పుడే. ఇల్లంతా జొన్నగంజి వాసన, తడినూలు వాసన. పిల్లలం చెప్పినన్ని నూలుకండెలు చుట్టిపెడితే తప్ప గవ్వలాటకు గాని దాగుడుమూతలకు గాని వదిలేవారు కాదు. బాపు నేసేవి ఎర్రంచు ముతకచీరెలు. ముళ్లకంపలో నడిచినా చిరగనివి, గడ్డలు మూటకట్టినా పిగలనివి. అవి కట్టేది చెంచు ఆడవాళ్లు. అంగడినాడు వాళ్లు అడవిలోంచి వరుసగా దిగి వచ్చేవారు, బుట్టలు నెత్తిన పెట్టుకొని, ఒకరి వెనుక ఒకరు, సందు లేకుండా మాట్లాడుకుంటూ.

వాళ్ల బుట్టలు చూస్తే ఏ కాలమో మాకు తెలిసిపోయేది. వానలు పడ్డాక మట్టి అంటుకున్న అడవిగడ్డలు, చలి మొదలైతే ఉసిరికాయలు, కుంకుడుకాయలు, నల్లజీడి; ఎండ ముదిరితే ఇప్పపువ్వు, మొర్రిపండ్లు, తునికిపండ్లు, విస్తరాకులు, ఆఖరుకు తేనె. చింతపండు కాలంలో వాళ్లు చింతబెరడు కాల్చిన బూడిద ఇంత కలిపి చింతపండు తినేవారు. పులుపు విరిగి, నాలుక మీద ఒక చిత్రమైన తీపి మిగిలేది. మేమూ తినేవాళ్లం. తిన్నామని మా పెదవుల మీద బూడిద చెప్పేది. అవ్వ, అంటే బాపు తల్లి, కొంగు తడిపి మా మూతులు తుడుస్తూ, "సాలోల్ల పిల్లలు బూడిద తింటాన్రని ఊరంతా అంటే మిమ్ముల ఎవలు చేసుకుంటరే" అని తిట్టి, మేం అటు పోయాక తానూ ఒక పిక్క నోట్లో వేసుకునేది.

మా అవ్వకు ఆ చెంచు ఆడవాళ్లలో ఒక ప్రాణస్నేహితురాలు ఉండేది, ఈదమ్మ. పొట్టి మనిషి, నుదుటి మీద పచ్చబొట్టు, మెడలో పూసలపేరు, చేతిలో గడ్డలు తవ్వే కర్ర, నోట్లో చుట్ట. వెలిగినప్పుడూ ఆరినప్పుడూ చుట్ట నోట్లోనే ఉండేది, దాని పక్కనుంచే మాటలు వచ్చేవి. అవ్వా ఆమే ఒకరినొకరు "ఒదినె" అని పిలుచుకునేవారు. ఎవరు ఎవరికి ఎట్లా వదినె అయ్యారో ఎవరికీ తెలియదు గాని, ఆ వరుస పెట్టుకుంటే ఎంత మాటైనా అనవచ్చునని ఇద్దరూ కనిపెట్టినట్టున్నారు.

ఈదమ్మ చీరె తీసుకొని తేనె ఇచ్చి వెంటనే పోయే మనిషి కాదు. అరుగు మీద చేరగిలబడి, అవ్వ పెట్టిన జొన్నగటక, చల్ల తాగి, ఉగాది దాటిన కొత్తలో అయితే మిగిలిన బెల్లం బచ్చాలు కూడా తిని, అప్పుడు కథ ఎత్తుకునేది. ఎన్ని కథలు చెప్పినా చివరికి వచ్చి చేరేది ఒక్క కథకే: సింహం మొగం దేవుడు వేటాడుకుంటూ నల్లమలకు వచ్చి, చెంచుపిల్లను చూసి, ఇంటికి పోవడం మరిచిపోయిన కథ. అది పెండ్లికథ కాబట్టి ఆ దేవుడు ఈదమ్మకు అల్లుడు. అల్లుడికి జరగవలసిన మర్యాద ఆయనకు ఆమె నోట జరుగుతూనే ఉండేది. వాన రాకపోతే, "అల్లుడు మల్ల ఎటో పోయి పండుకున్నడు." ఎలుగుబంటి ఇప్పపువ్వు తినిపోతే, "అల్లునికి కండ్లున్నయా, ఒట్టి జూలేనా." మా అవ్వ శనివారాలు ఒక్కపొద్దులుండే మనిషి. చెవులు మూసుకునేది.

"దేవుణ్ణి గట్ల అంటరా ఒదినె? కండ్లు పోతయి."

"నీకు దేవుడు. నాకు అల్లుడు. అల్లుణ్ణి అనకపోతే ఇంకెవల్నంటరు?"

కథలో మాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఒకటుండేది. పెండ్లయిన కొత్తలో పెండ్లాం తేనె తినాలని ఉందంటుంది. దేవుడు కొండ మీదినుంచి తాడు పట్టుకొని దిగుతాడు. పైన తాడు పట్టుకున్నది పిల్ల అన్నలు. వాళ్లు బావను సగం దాకా దించి, అక్కడ ఆపి, జూలులో తేనెటీగలు దూరితే పడీ పడీ నవ్వుతారు. దేవుడు గాలిలో ఊగుతూ గర్జిస్తాడు, వాళ్లు ఇంకా నవ్వుతారు. ఈదమ్మ దేవుడై ఊగేది, అన్నలై నవ్వేది, తేనెటీగై మా చెవుల దగ్గర గీపెట్టేది. పెద్దన్న, నడిపన్న, చిన్నన్న మాకు మా ఊరి పిల్లల్లాగే తెలుసు.

ఆ అన్నలు కథలో ఊరికే లేరు. చెంచుల పద్ధతే అది. కొండతేనె కోసేవాడు లోయలోకి దిగితే, పైన తాడు పట్టవలసింది బామ్మర్ది, అంటే పెండ్లాం తోడబుట్టినవాడు. సొంత అన్నదమ్ములు పట్టరాదు. ఎందుకని అవ్వ ఒకసారి అడిగింది. ఈదమ్మ చుట్టను ఒక పక్కనుంచి ఇంకో పక్కకు మార్చి చెప్పింది.

"అన్నదమ్ముడైతే ఒకనాడుగాకున్న ఒకనాడు ఒదినె మీద కన్నేస్తడు, తాడు జార్తది. బామ్మర్ది ఒదలడు. ఒదిలితే చెల్లె వచ్చి వాని ఇంట్ల కూసుంటది గద."

ఇంత తెలివైన పద్ధతిలో ఇరుక్కుపోయింది ఆమె మనుమరాలే. బయమ్మ. తల్లిదండ్రులు జ్వరాల్లో పోతే అవ్వ దగ్గరే పెరిగింది. తోడబుట్టినవాళ్లు లేరు, వరుసకు అన్న అనదగిన వాళ్లు కూడా ఆ చుట్టుపట్ల పెంటల్లో ఎవరూ మిగల్లేదు. పెంట అంటే అడవిలో చెంచుల గుడిసెలున్న చోటు. పొడుగైన పిల్ల, మాట తక్కువ. ఒకసారి మా మగ్గం దోనె, అదే బట్ట చుట్టుకునే బరువైన దుంగ, గుంటలో ఇరుక్కుపోతే బాపూ పక్కింటి మామా చెమటలు కక్కుతుంటే, బయమ్మ బుట్ట కింద పెట్టి, దోనె తీసి పక్కన పెట్టి, మళ్లీ బుట్ట ఎత్తుకొని నిలబడింది. పెండ్లీడు వచ్చింది, దాటుతున్నది. చూసిన ప్రతివాడూ పిల్ల మంచిదనేవాడు, తర్వాత తాడు సంగతి అడిగేవాడు, తర్వాత కనిపించేవాడు కాదు.

ఒక్కడు మాత్రం కనిపిస్తూనే ఉండేవాడు. లోయ అవతలి పెంటవాడు, అంకన్న. కొండతేనె తీయడంలో అంతటి వాడు లేడనేవారు. ప్రతి అంగడికీ వచ్చి మా అరుగు పక్కన నిలబడేవాడు. బయమ్మ ఎటు ఉంటే ఆయన మెడ అటు తిరిగి ఉండేది. ఒకసారి పొగాకు కోసం తెచ్చిన తేనె పొగాకు షావుకారికి ఇవ్వకుండా, దారిలో పోతున్న సాయిబు చేతిలో పెట్టి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ సాయిబు మంచివాడు, వెతుక్కుంటూ వచ్చి ముంత వాపసు ఇచ్చిపోయాడు. అంకన్న వాళ్ల అమ్మ మాత్రం గట్టిగా చెప్పేసింది: అన్నదమ్ములు లేని పిల్లను తెస్తే నా కొడుకు తేనెకు ఎట్ల దిగుతడు, దిగకపోతే ఏం తింటడు.

ఈదమ్మకు ఆ దిగులు పట్టుకుంది. తాను పోయేలోగా పిల్లకు ఒక మనిషిని చూడాలి. ఆలోచించి ఆలోచించి ఒక అంగడినాడు అరుగు మీద కూర్చొని మగ్గం గుంటలోకి చూస్తూ అన్నది, "ఒదినె, నీ కొడుకును మా పిల్లకు అన్నను చేసుకుంట."

అవ్వ నూలు చిక్కు తీస్తున్నది. "చేసుకో. మంచి పిల్ల."

"తాడు పట్టాలె మల్ల."

మగ్గం చప్పుడు ఆగిపోయింది.

మా బాపు సంగతి ఊరందరికీ తెలుసు. ఇల్లు కురిస్తే నిచ్చెనెక్కి పెంకులు సర్దేది అవ్వ. కింద నిచ్చెన పట్టుకునేది బాపు. పట్టుకొని కండ్లు మూసుకునేవాడు. అటువంటి మనిషిని లోయ అంచున నిలబెట్టి, చేతిలో ఒక ప్రాణమున్న తాడు పెడతారట. బాపు గుంటలోంచి లేవకుండానే, "అవ్వా, నాకు దారం పట్టుడే ఎరుక, తాడు పట్టుడు తెల్వది" అన్నాడు. ఈదమ్మ వినలేదు. రెండూ నారే కదా అన్నది. అంకన్నను పిలిపించారు. అంకన్న వచ్చి, "అన్నా, చెయ్యి జర చూపియ్యి" అని బాపు చేతిని భుజం నుంచి మణికట్టుదాకా, అంగట్లో ఆనపకాయ ముదిరిందా లేదా అని చూసినట్టు, నొక్కి నొక్కి చూశాడు.

"గీ అన్న మంచోడే," అన్నాడు చివరికి. "గని నేను దిగ."

తనను ఎవరైనా వద్దన్నందుకు బాపు అంత సంబరపడడం నేను మళ్లీ చూడలేదు. కొత్త తువ్వాలు ఒకటి తీసి అంకన్న భుజాన వేసి, ఇంటి బయటిదాకా సాగనంపి వచ్చాడు.

ఆ తర్వాతి అంగడికి ఈదమ్మ వచ్చింది, గటక తాగింది, కథ ఎత్తుకుంది. సింహం మొగం దేవుడు వచ్చాడు, పిల్లను చూశాడు, పెండ్లి అయింది, తేనె అడిగింది. మేం ముందే నవ్వడానికి తయారుగా ఉన్నాం, అన్నలు వస్తారని. అన్నలు రాలేదు.

"పిల్లకు అన్నలు లేరు," అన్నది ఈదమ్మ.

నేను ఊరుకోలేకపోయాను. "మొన్న ఉండె గద అవ్వా?"

ఈదమ్మ నా వంక చూసింది. "ఉండె. పెద్దోణ్ణి పులి ఎత్కపోయింది."

"నడిపోడు?"

"ఇల్లరికం పోయిండు."

"చిన్నోడు?"

ఆమె కొంచెం తడుముకుంది. "ఆడు పుట్టనే లేదు."

మా తమ్ముడికి చిన్నన్నంటే ప్రాణం. వాడు ఏడుపు మొదలుపెట్టాడు. అవ్వ వాడి నోట్లో బెల్లం ముక్క కుక్కింది. ఈదమ్మ ఆగలేదు. అన్నలు లేరు కాబట్టి తాడు పిల్లే పట్టిందట. బామ్మర్దికి చెల్లె ఇంటికొస్తదని భయమైతే, పెండ్లానికి మొగడే పోతడని భయం. ఎవల భయం పెద్దదని పిల్ల అడిగిందట. దేవుడు సమాధానం చెప్పలేక దిగిండట.

"దేవునికి భయం కాలేదా?" అన్నాను.

"సింహం మొకం గద. భయమైనా కనవడలే."

అవ్వ చిక్కు తీయడం ఆపి స్నేహితురాలి మొహంలోకి చూసింది. ఆ సాయంత్రమే బాపుతో, మంచి ఎర్రంచు చీరె ఒకటి మగ్గమెక్కించమన్నది.

అది ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లవారకముందే అడవంతా తియ్యటి వాసన కమ్ముకునేది, చెట్ల కింద నేల పచ్చగా కనబడేది. ఏ పెంట ఆడవాళ్లైనా ఆ చెట్ల కింద వంగి పువ్వు ఏరవలసిందే, వంగినంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుకోవలసిందే. ఈదమ్మ ఆ ఏడు తన పెంట చెట్లు వదిలేసి అందరి చెట్ల కిందికీ పోయింది. ముసలిది ఇంత దూరం ఎందుకొచ్చిందని మగవాళ్లు అనుకున్నారో లేదో తెలియదు. తమ మత్తుకు పువ్వు చేరితే చాలునన్నట్టు ఉండేవాళ్లు వాళ్లు. ఎన్ని చెట్ల కింద వంగిందో గాని, ఎక్కడ వంగినా ఒక్క కథే చెప్పింది.

పువ్వు అయిపోయే సమయానికి మాట పెంట పెద్దమనిషి గురువయ్య దగ్గరికి పోయింది. అంకన్న వాళ్ల అమ్మ వచ్చింది, అంకన్న వచ్చాడు, చుట్టుపట్ల పెంటల ఆడవాళ్లు పిలవకుండానే వచ్చారు. అవ్వ కొత్తచీరె మడత పెట్టుకొని, నన్ను వెంటబెట్టుకొని పోయింది. ఎందుకొచ్చినవని అడిగితే చీరె చూపియ్య వచ్చిన అన్నది. బయమ్మ గుడిసె వాకిట్లో కూర్చొని తవ్వుకోల మొన రాతికి రాస్తున్నది. తన సంగతే మాట్లాడుతున్నారని ఆమెను చూస్తే ఎవరూ అనుకోరు.

గురువయ్య నిదానస్తుడు. ఒక మాట అని, అది ఎక్కడ పడిందో చూసి, రెండోది అనేవాడు.

"తాడు ఆడిది పట్టుడు మన కథల లేదు," అన్నాడు. "కథల అన్నలున్నరు. మా నాయిన చెప్పంగ విన్న."

"మీ నాయినకు ఎవలు చెప్పిన్రు?" అన్నది ఈదమ్మ.

గురువయ్య ఆలోచించాడు. "మా అవ్వ."

"మరి ఆడోల్ల కథ ఆడోల్లను అడుగు."

అడగక తప్పలేదు. మొదటామె అన్నలు లేరన్నది. రెండో ఆమె, మా అవ్వ గూడ గట్లనే చెప్పేది, పాపం ఒక్కతే పిల్లట అని కండ్లు తుడుచుకుంది. మూడో ఆమె వయసులో ఉన్నది, కథ కొత్తగా విన్నది, ఉత్సాహం ఎక్కువ.

"లేరు మామా. పెద్దోణ్ణి పులి ఎత్కపోయింది."

గురువయ్య మెల్లగా తల ఎత్తాడు. "లేనోణ్ణి పులి ఎట్ల ఎత్కపోయిందే?"

ఈదమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. మాటల మధ్య అది తీయడం నేను చూసింది అప్పుడే. ఆ పిల్ల మాత్రం తడబడలేదు.

"పులి ఎత్కపోయినంక ఉంటడా మామా?"

గురువయ్య నెత్తిమీది రుమాలు సవరించుకున్నాడు. చివరికి మా అవ్వ వైపు తిరిగాడు. బయటి మనిషి, అబద్ధమాడదని పేరున్న మనిషి. "నువ్వు చెప్పు సాలోల్లక్కా. మీ అరుగు మీద ఎట్ల చెప్పింది?"

అవ్వకు ఒకపక్క ఒక్కపొద్దులు, ఒకపక్క వదినె. చీరె మడత మీద చెయ్యి పెట్టుకొని, "దేవుని ఇంటి సంగతి నాకేమెరుక తమ్మీ," అన్నది. "గని చీరె నేసినం. ఎర్రంచుది. వాపసు తీస్కపోను."

గురువయ్య అంకన్నను అడిగాడు. "పానం నీది. ఏమంటవ్?"

అంకన్న బయమ్మ వైపు చూశాడు. ఆమె రాయడం ఆపలేదు. "గామె పట్టింది ఏదీ ఇడ్సిపెట్టదు," అన్నాడు.

వాళ్ల అమ్మ మూతి తిప్పుకుంది గాని చీరె చెయ్యి పెట్టి చూసింది. నేత చిక్కగా ఉందన్నది. పెండ్లి అయింది. ఇప్పసారా తాగారు, డోలు కొట్టారు, ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకొని పొద్దెక్కేదాకా ఆడారు. అవ్వ ఒక్కపొద్దు అని చెప్పి పక్కన కూర్చుంది, తర్వాత ఒక్కపొద్దు నిన్ననే అయిపోయిందని గుర్తొచ్చి లేచింది.

పెండ్లి అయితే అయింది గాని, అసలు సంగతి తాడు మీదికి వచ్చినప్పుడే తేలుతుందని అందరికీ తెలుసు. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతర. అక్కడి శివుణ్ణి, లింగమయ్యను, తలుచుకుంటూ, కేకలు వేసుకుంటూ జనం లోయలోకి దిగుతుంటే అడవి అడవంతా ఊరైపోయేది. ఆ పోయే దారిలోనే అంకన్న ఆ ఏటి మొదటి తేనె తీస్తాడని తెలిసి, అవ్వ లింగమయ్య దర్శనం కొంచెం వెనక్కి జరిపింది. ఎండ చల్లబడే వేళకు మేం కొండ అంచుకు చేరాం. కింద లోయలో చెట్ల తలలు తప్ప నేల కనబడదు. చరియ కింద నల్లటి చేటల్లాగా తేనెపట్లు వేలాడుతున్నాయి. పచ్చిగడ్డి కట్టి పొగబెట్టి దించారు. పొగ పైకి లేస్తుంటే ఈగల రొద మా పండ్లలో కూడా వినబడింది. చెట్టునారతో పేనిన తాడును ఒక చెట్టుకు చుట్టి, మిగిలింది చేతుల్లోకి తీసుకొని, పాదాలు రాతికి తన్నిపెట్టి బయమ్మ కూర్చుంది. కొత్తచీరె గోచిగా బిగించింది. గురువయ్య నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు, అవసరమైతే దూకడానికి. ఈదమ్మ, అవ్వ, అంకన్న అమ్మ ఒక బండ మీద. అంకన్న వెదురుబుట్ట భుజానికి తగిలించుకొని దిగాడు.

తాడు ఒక జానెడు కూడా జారలేదు. మెల్లగా, గంజి పట్టిన పోగు సాగినట్టు కిందికి పోయింది. గురువయ్య ఊపిరి వదిలాడు. అంకన్న పట్టు పైకొసకు చేరి కత్తి పెట్టాడు. అప్పుడు తాడు ఆగింది.

"దించు," అన్నాడు అంకన్న కిందినుంచి.

బయమ్మ దించలేదు. అదివరకు ఆమె గొంతు అంత పెద్దగా నేను వినలేదు.

"ఒక మాటున్నది. జాతర అయినంక ఏ పెంటల ఉందం? మీ అమ్మ కాడనా, మా అవ్వ కాడనా?"

ఈగల రొద మధ్య లోయలోంచి వచ్చింది, "పైకొచ్చినంక మాట్లాడుదం."

"పైకొస్తే నువ్వు మాట్లాడవు. పెండ్లి కాడికెల్లి అడుగుతాన."

"తేనె కారుతాంది."

"కారనియ్యి."

"ఈగలు లేస్తానయే."

"మా అవ్వ ఒక్కతే ఉంటది. గడ్డలు తవ్వలేదు, నీళ్లు తేలేదు. చెప్పు."

ఈదమ్మ బండ మీద కదలకుండా కూర్చుంది. పిల్లకు మనిషి దొరికితే తాను గుడిసెలో ఒంటరిగా మిగలడం ఆమెకు ముందే తెలుసు. ఆ లెక్క చేసుకునే అన్ని చెట్ల కిందికీ తిరిగింది. ఈ మాట ఆమె కథలో లేదు. చుట్ట వెలిగించబోయి వెలిగే కొస నోట్లో పెట్టుకుంది. అవ్వ తీసి తిప్పి పెట్టింది.

తాడు కొంచెం ఊగింది. అంకన్న కిందికి చూశాడో పైకి చూశాడో మాకు తెలియదు. "మీ అవ్వ కాడనే," అన్న మాట వచ్చింది.

"గట్టిగ చెప్పు. మీ అమ్మ గూడ ఉన్నది ఈడ."

"మీ అవ్వ కాడనే ఉంట, దించవే తల్లీ."

తాడు దిగింది. గురువయ్య నెత్తిమీది రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"గిందుకే," అన్నాడు ఎవరితోనో కాదు, లోయతో, "పెద్దలు బామ్మర్దులను పెట్టిన్రు."

ఆ తేనె రుచి నాకిప్పుడు చెప్పడం రాదు, ఎందుకంటే తినకముందే నా పెదవి మీద ఒక ఈగ కుట్టింది, జాతరంతా వాచిన మూతితోనే చూశాను. అంకన్న పైకి వచ్చి చెంపకు కుట్టిన ముండ్లు తీయించుకుంటూ కూర్చున్నాడు. తీసేది బయమ్మే. ఈదమ్మ మాత్రం దారి పొడుగునా మనుమరాలిని తిట్టింది: మొగణ్ణి గాలికి ఏలాడదీస్తరానె, నీకు సిగ్గున్నదా, నేనేమన్న ముసలిదాన్నయిన్ననా అని. తిట్టినంతసేపూ బయమ్మ భుజం మీది చెయ్యి తీయలేదు.

అంకన్న మాట తప్పలేదు. ఏడాది తిరక్కుండానే వాళ్ల అమ్మ కూడా, కొడుకు బక్కగయ్యాడో లేదో చూస్తానని వచ్చి, చూసి, అక్కడే ఉండిపోయింది. ఇద్దరు ముసలమ్మలూ పొద్దున లేచి పొయ్యి దగ్గరే కొట్లాట మొదలుపెట్టేవారట. అంగడికి వచ్చి ఈదమ్మ ఆ కొట్లాటలు కూడా చెప్పేది, అన్ని కథలకన్నా బాగా చెప్పేది. పెండ్లికథ ఆ తర్వాత మళ్లీ మారింది. చెంచుపిల్ల దేవుణ్ణి సగంలో ఆపి, నల్లమల వదిలి పోనని మాట తీసుకున్నదట. అందుకే ఆయన ఇంకా ఇక్కడే ఉన్నాడట. కొన్నేళ్లకు గురువయ్య నోటనే ఆ కథ విన్నాను. మా నాయిన గిట్లనే చెప్పేటోడు అన్నాడు.

నేను చదువుకు పాలమూరు పోయాను, తర్వాత పట్నం. మా మగ్గం గుంట పూడ్చి బండలు పరిచారు. అవ్వ పోయింది, ఆమె పోయిన ఎండకాలానికే ఈదమ్మ. పోయినేడు చాలా ఏళ్లకు అటు వెళ్తే ఆ పెంట లేదు. గుడిసెలున్న చోట లాంటనా కంప. వాళ్లను రోడ్డు పక్కకు తెచ్చి సిమెంటు ఇండ్లు కట్టించారు. బయమ్మా లేదు, అంకన్నా లేడు. వాళ్ల బిడ్డ ఉన్నది, ముసలమ్మ పేరే పెట్టుకున్నారు, ఈదమ్మ. తల నెరిసింది. బయమ్మకు ముందుగా కొడుకులు వరుసగా పుట్టారు గనుక ఈ బిడ్డకు తాడు పట్టే అన్నలకు కొదువ లేదు. అయినా పెండ్లయినంక మొదటి తేనెకు అన్నలను అందరినీ కొండ అంచున వరుసగా కూర్చోబెట్టి, తాడు తానే పట్టిందట. ఏం మాట తీసుకున్నవని అడిగితే, అది మొగడూ పెండ్లాల సంగతి, నీకెందుకన్నది.

ఆమె మనుమలిద్దరు వాకిట్లో ఆటోకు చక్రం మారుస్తున్నారు. అడవిలోకి పోవాలంటే ఇప్పుడు సవాలక్ష అడ్డంకులట. నారతాడు పేనడం ఆమెకే సరిగ్గా గుర్తు లేదట. చరియల కింద పట్లు మాత్రం అప్పటిలాగే వేలాడుతున్నాయట, ముట్టేవాళ్లు లేక. తాడు ఇప్పుడు ఎవరు పడుతున్నారని అడిగాను. ఆమె తలుపు దగ్గర కూర్చున్న కోడలినీ, మనుమరాళ్లనూ, ఎదురింటి ఆడవాళ్లనూ చూపించి నవ్వింది.

"పట్టెటోల్లకేమమ్మా, ఇంటింటికి ఉన్నం. దిగెటోడే లేడు."